రుటబాగా అలక

"ఇందులో రుటబాగా లేదు," అన్నాడు ఆర్వో, పాస్టీని సగానికి విరిచి లోపలికి చూస్తూ.

"లేదు," అంది హెల్మి.

"క్యారెట్టు ఉంది."

"ఉంది. కళ్ళు బాగానే కనిపిస్తున్నాయన్నమాట."

ఆ గురువారం పొద్దుటినుంచీ ఆమె పన్నెండు పాస్టీలు చేసింది. పంది కొవ్వు వేసి పిండి తడిపింది. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ కత్తితోనే సన్నగా తరిగింది. కూరు మధ్యలో పెట్టి, పిండిని సగానికి మడిచి, కజ్జికాయకు చేసినట్టు అంచులు మెలిపెట్టి పొయ్యిలో కాల్చింది. శనివారం కూతురు కైసా, అల్లుడు క్రెయిగ్ వస్తున్నారు. క్రెయిగ్ ఈ ఉత్తర మిషిగన్ వాడు కాదు. రుటబాగా దుంప ముక్క నోట్లో పడితే రాయి తగిలినట్టు ఆగిపోతాడు. ముక్కలన్నీ ఏరి పళ్ళెం అంచున కుప్పపెడతాడు. ఆ కుప్ప చూడలేక ఈసారి హెల్మి క్యారెట్టు వేసింది.

"ఇది పాస్టీ కాదు," అన్నాడు ఆర్వో.

"మరేమిటి?"

"క్యారెట్టు పెట్టిన రొట్టె."

"అల్లుడు రుటబాగా తినడు."

"తినకపోతే వాడి దాంట్లో మానెయ్. నా దాంట్లో ఎందుకు మానేశావు?"

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే హెల్మికి ఒళ్ళు మండింది. "రెండు రకాల కూరు కలపడానికి నాకేం నాలుగు చేతులున్నాయా? తింటే తిను. లేదంటే నోరు మూసుకో."

ఆర్వో నోరు మూసుకున్నాడు. అతనికి బాగా చేతనైన పని అదే.

ఆర్వో అలక గురించి చుట్టుపక్కల అందరికీ తెలుసు. అతను కేకలు వెయ్యడు, తలుపులు విసరడు, అన్నం మానడు. పనులన్నీ ఎప్పటిలాగే చేస్తాడు. మాట మాత్రం పెగలదు. కాఫీ కావాలంటే చెంచాతో కప్పు అంచు మీద రెండుసార్లు కొడతాడు. హెల్మి ఏమైనా అడిగితే ఆమె భుజం పక్కనుంచి వెనక ఉన్న గిన్నెల బీరువా వైపు చూస్తాడు, అక్కడెవరో తనకంటే తెలివైనవాళ్ళు నిలబడి ఉన్నట్టు. మామూలు రోజుల్లోనూ అతను పది మాటలవాడే కాబట్టి, అలిగాడని కొత్తవాళ్ళు పోల్చుకోలేరు. హెల్మికి మాత్రం మొదటి పూటే తెలిసిపోతుంది, ఉప్పు లేని కూరలా.

శుక్రవారం ఆమె కూతురికి ఫోన్ చేసింది.

"మీ నాన్న అలిగాడే."

"ఈసారి దేనికి?"

"దుంప కోసం."

కైసా నవ్వింది. "రేపు నేను వచ్చేసరికి అలక మానతాడులే అమ్మా."

"మానకపోతే నేనే మానిపిస్తాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. గోడతో మాట్లాడినా కాస్త ప్రతిధ్వని వస్తుంది." ఆర్వోకు వినబడాలనే ఆమె ఆ మాట పెద్దగా అంది. ఆర్వో పేపరు తిప్పాడు.

శనివారం సౌనా రోజు. పెరట్లో దేవదారు పలకల గదిలో పొయ్యి రాజేసి, రాళ్ళు కాల్చి, నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో కూర్చోవడం. చర్చికి వెళ్ళడమైనా మానతారేమోగానీ ఆ ఇంట్లో శనివారం సౌనా మానరు. పొద్దున కాఫీ దగ్గర చెంచా రెండుసార్లు మోగింది. హెల్మి పోసింది. ఆర్వో బీరువా వైపు చూస్తూ తాగి, టోపీ చెవుల దాకా లాక్కుని, బర్చి చెట్టు కట్టెలు పేర్చడానికి వెళ్ళాడు.

వంటింటి కిటికీలోంచి ఆ కట్టెల వరస కనిపిస్తుంది. ఆర్వో కట్టె పేర్చడం చూడ్డానికి బాగుంటుంది. ఒక్కొక్క కట్టెను చేతిలో తిప్పి చూసి, తెల్లటి బెరడు పైకి వచ్చేలా పెడతాడు. బెరడు పైకి ఉంటే మంచు కరిగిన నీళ్ళు జారిపోతాయి, కట్టె లోపల పొడిగా ఉంటుంది. ఇది అతను ఒకసారి చెప్పాడు, పెళ్ళైన కొత్తలో. మళ్ళీ చెప్పే అవసరం రాలేదు.

ఊళ్ళో ఫైర్‌స్టేషన్ వాళ్ళు రోజూ మోగించే పన్నెండు గంటల సైరను మోగింది. ఆర్వో కుడిచేతి తొడుగు తీసి చంకలో పెట్టుకుని, ఎడమచేతి గడియారం సరిచేసి, రెండు వేళ్ళతో కీ ఇచ్చాడు. ఏడాది పొడుగునా ఆ సైరను వినగానే అతను చేసే పని అదే. హెల్మి కిటికీ దగ్గర నిలబడి చూసింది. తనను చూస్తున్నారని తెలిసి అతను ఇటు తిరగనైనా తిరగలేదు.

"తిరగకు," అంది హెల్మి కిటికీ అద్దంతో. "నేనూ పిలవను."

కాసేపటికి మళ్ళీ చూస్తే వరస దగ్గర ఎవరూ లేరు. బాటకు అడ్డంగా ఒక కట్టె పడి ఉంది. చీపురుపుల్ల కింద పడినా వంగి తీసేవాడు కట్టె అలా వదిలేశాడంటే అదీ తన మీది కోపమే అనుకుంది.

తలుపు తెరుచుకుంది. ఆర్వో గోడ పట్టుకుని లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తియ్యలేదు. హెల్మి కప్పు నిండా కాఫీ పోసి ముందుకు తోసింది. చెంచా మోగకుండానే పోసింది, అదీ రాజీ కిందే లెక్క. ఆర్వో చెయ్యి కప్పు దాకా వెళ్ళి, దాన్ని పట్టుకోలేదు. కప్పు ఒరిగింది. కాఫీ బల్ల అంతా పారి అంచు మీదనుంచి నేల మీదికి కారింది.

"బాగుంది! ఇదొక్కటే తక్కువైంది," అంది హెల్మి గుడ్డ తీసుకుని. "రుటబాగా వెయ్యలేదని కాఫీ ఒలకబోస్తావా? రేపు కప్పులు పగలగొట్టు. ఎల్లుండి ఇల్లు తగలబెట్టు. అరవై మూడేళ్ళు వచ్చాయి, మూడేళ్ళ పిల్లవాడు నయం..."

తుడుస్తూ తుడుస్తూ అతని మోచేతి దగ్గరకు వచ్చి తలెత్తింది.

ఆర్వో ఆమెను చూస్తున్నాడు. బీరువాను కాదు, భుజం పక్కకు కాదు. తిన్నగా ఆమె కళ్ళలోకి.

అలిగిన ఆర్వో ఆమె కళ్ళలోకి చూడడం ఇన్నేళ్ళ కాపురంలో లేదు. హెల్మి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఆర్వో?"

పెదవులు కదిలాయి. ఒక పక్కే కదిలాయి. "త... త..." అని ఏదో వచ్చి ఆగింది.

"నవ్వు," అంది హెల్మి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఎప్పుడూ కోరని కోరిక అది. "ఆర్వో, నాకోసం ఒక్కసారి నవ్వు."

అతను ప్రయత్నించాడు. ఎడమ మూతి పైకి లేచింది. కుడి మూతి తడిగుడ్డలా వేలాడింది.

"చేతులు రెండూ ఎత్తు."

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి కాఫీ మడుగులో అలాగే ఉంది.

ఆమె అంబులెన్సుకు ఫోన్ చేస్తూ ఉండగానే పక్క పొలంలో ఉండే మరిది ఓన్ని, భుజాన తువ్వాలుతో, సౌనా వేడెక్కిందేమో చూద్దామని వచ్చాడు. ఓన్ని తన అన్నకు పూర్తిగా తిరగేసిన మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు.

"అలిగినవాడికి అంబులెన్సేంటి వదినా?" అన్నాడు ఫోన్‌లో మాటలు విని.

"ఇది అలక కాదు."

"గురువారం నుంచి అలకే అన్నావుగా. చలిలో కట్టెలు మోశాడు, బిగుసుకుపోయాడు. కాసేపు పడుకోబెట్టు. లేదా నాలుగు చుక్కలు వేడి కాఫీ పట్టించు..." అంటూ కప్పు అందుకున్నాడు.

హెల్మి కప్పు లాక్కుంది. "గొంతులో ఏదీ పొయ్యకు. మింగగలడో లేదో తెలీదు."

"పోనీ నా బండిలో పడేసుకుని పోదాం. వాళ్ళొచ్చేలోపల మనమే..."

"దారిలో ఏమైనా అయితే నీ బండి ఏం చేస్తుంది? హారన్ కొడుతుందా? వాళ్ళు ముందే ఆసుపత్రికి చెప్పి సిద్ధంగా ఉంచుతారు. నువ్వెళ్ళి గేటు తియ్యి. ఆ కుక్కను కట్టెయ్. ఆ పని చెయ్యి చాలు."

ఓన్ని కుక్కను కట్టేశాడు. కట్టేస్తూ కుక్కతో కూడా ఇది అలకే అని చెప్పాడు.

*

ఆ ఊరి ఆసుపత్రి చిన్నది. తల స్కాను తీసేవాళ్ళున్నారుగానీ మెదడు డాక్టరు లేరు. మంచం పక్కకు చక్రాలున్న తెర ఒకటి తోసుకొచ్చారు. అందులో వేరే నగరంలో కూర్చున్న డాక్టరమ్మ కనిపించింది.

"వీరు చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" అని అడిగింది డాక్టరమ్మ.

హెల్మి నోరు తెరిచేలోగా ఓన్ని అందుకున్నాడు. "గురువారం మధ్యాహ్నం నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదండీ. ఇవాళ్టికి మూడో రోజు."

డాక్టరమ్మ ముఖం మారింది. "మూడో రోజా?"

"అవునండీ. మా వదిననడగండి."

"ఇది మెదడులో రక్తపు గడ్డ అడ్డం పడటం వల్ల వచ్చిన స్ట్రోక్ లాగా ఉంది," అంది డాక్టరమ్మ నిదానంగా. "గడ్డను కరిగించే మందు ఉంది. కానీ మొదలైన కొద్ది గంటల్లోపలే ఇవ్వాలి. ఆలస్యమైతే మేలు ఉండదు సరికదా, మెదడులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. మూడు రోజులంటే ఇవ్వడానికి వీల్లేదు."

ఓన్ని తల ఊపాడు, పెద్దవాళ్ళు పెద్దమాట చెప్పినట్టు. హెల్మి మంచం కమ్మీ పట్టుకుంది. నర్సు ఉంది, స్కాను కుర్రాడు ఉన్నాడు, తెరలో డాక్టరమ్మ ఉంది. ఇంతమంది పరాయివాళ్ళ ముందు మొగుడూపెళ్ళాల తగువు విప్పడమా? వాళ్ళ ఊళ్ళో మనిషి విరిగిన కాలితో నడుస్తూ కూడా బాగానే ఉన్నానంటాడు. ఎలా ఉన్నారని అడిగితే వాతావరణం గురించి చెబుతాడు.

"అది జబ్బు కాదు!" అంది హెల్మి. అనుకున్నదానికంటే గొంతు పెద్దగా వచ్చింది. "అది అలక!"

"అలకా?"

"నామీద అలిగాడు. గురువారం."

"చూడండి, స్ట్రోక్ మొదలైనప్పుడు మాట తడబడి, చిరాకు పడి, మాట్లాడటం మానేసి ఉండొచ్చు. ప్రవర్తనలో మార్పు..."

"ఏ మార్పూ లేదు! ఆయన ముందునుంచీ ఇంతే! పాస్టీలో రుటబాగా వెయ్యలేదని అలిగాడు!"

తెరలో డాక్టరమ్మకు ఆ మాటలో ఏ ముక్కా అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. నర్సు ఆ ఊరి పిల్లే. ఆర్వో చేతికి సూది అమరుస్తున్నదల్లా తలెత్తి, "దానికి బదులు ఏం వేశారు?" అని అడిగింది.

"క్యారెట్టు."

నర్సు తెర వైపు తిరిగింది. "అలగాల్సిందే డాక్టర్."

డాక్టరమ్మ నవ్వలేదు. ముందుకు వంగింది. "సరే. మాట లేదు కాబట్టి మాటతో తేల్చలేం. అలకలో ఉన్నా ఆరోగ్యంగా ఉన్నారని మీకెలా తెలుసు? చివరిసారి ఎప్పుడు తెలిసింది?"

హెల్మి కళ్ళు మూసుకుంది. "పొద్దున చెంచాతో కప్పు మీద రెండుసార్లు కొట్టాడు. కాఫీ కోసం. కప్పు ఒలకలేదు. ఆ తరవాత కట్టెలు పేర్చాడు. సైరను మోగింది. చేతి తొడుగు తీసి, చంకలో పెట్టుకుని, గడియారానికి కీ ఇచ్చాడు."

"ఏ చేత్తో?"

"కుడిచేత్తో. ఇలా." హెల్మి బొటనవేలు, చూపుడువేలు కలిపి తిప్పి చూపించింది. ఆవగింజంత మరను తిప్పే వేళ్ళు.

"మీ కళ్ళతో చూశారా?"

"కిటికీలోంచి చూశాను. నేను చూస్తున్నానని తెలిసి మొహం తిప్పుకునే ఉన్నాడు. అంత బాగా ఉన్నాడు."

"సైరను ఎన్నింటికి?"

"పన్నెండుకి," అన్నారు నర్సూ, స్కాను కుర్రాడూ, ఓన్నీ ఒక్కసారిగా.

డాక్టరమ్మ గోడ గడియారం చూసింది. "అయితే ఇంకా సమయం ఉంది. స్కానులో రక్తస్రావం లేదు. మందు ఇవ్వొచ్చు. కానీ ఇచ్చాక కొందరికి మెదడులో రక్తం కారుతుంది, దాంతో ప్రాణం మీదికి రావచ్చు. ఇవ్వకపోతే ఈ మాట, ఈ చెయ్యి ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేను."

హెల్మి ఆర్వో మీదికి వంగింది. అతను ఇంకా ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు. ఆ చూపు భరించడం కష్టంగా ఉంది.

"ఇవ్వండి," అంది.

*

ఆ రాత్రే ఆర్వోను మార్క్వెట్ పట్నంలోని పెద్దాసుపత్రికి తరలించారు. రక్తం కారలేదు. తెల్లారేసరికి కుడిచేతి వేళ్ళు దుప్పటి అంచు పట్టుకున్నాయి. మూతి కొంత సర్దుకుంది. మాట మాత్రం రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం కైసాను మంచం దగ్గర కూర్చోబెట్టి, హెల్మి బట్టల కోసం ఇంటికి వెళ్ళింది. బాటకు అడ్డంగా కట్టె అలాగే పడి ఉంది. తీసి వరసలో పెట్టబోయి ఆగింది. కింది వరసలన్నీ తెల్లగా ఉన్నాయి, బెరడు పైకి. పై వరస సగం దాకా అంతే. ఆ తరవాత ఒక కట్టె బెరడు కిందికి ఉంది. దాని పక్కది ఏటవాలుగా ఉంది. దాని పక్కన రెండు, కుర్రాళ్ళు విసిరినట్టు, ఒకదాని మీద ఒకటి. తరవాత ఖాళీ.

అక్కడిదాకా పేర్చాడు. ఏదో తేడాగా ఉందని తెలిసీ మరో మూడు పేర్చాడు. ఆ పూట తను అతనితో ఒక్క మాటా అనలేదు. పంతం. గురువారం తనన్న చివరి మాట ఏమిటో గుర్తుంది. మళ్ళీ అనుకోవాల్సిన పని లేదు.

చేతిలో కట్టెను వరస మీద పెట్టింది, బెరడు పైకి. తప్పుగా ఉన్నవాటిని ముట్టుకోలేదు.

ఆసుపత్రికి తిరిగి వచ్చేసరికి మాట నేర్పే అమ్మాయి వచ్చి ఉంది. పేరు కోలెట్. ఆర్వోకు చెంచాడు నీళ్ళిచ్చి, గొంతు మీద వేలు పెట్టి మింగడం చూసింది. కాఫీ ఇప్పుడే కాదు, ఏది తాగినా కొంచెం చిక్కగా చేసి ఇవ్వాలి అంది. ఆర్వో ఆ చిక్కటి నీళ్ళ గ్లాసును చూసిన చూపు క్యారెట్టును చూసిన చూపే.

తరవాత కప్పు బొమ్మ చూపించి, "ఇదేమిటి?" అంది.

ఆర్వో చాలాసేపు చూశాడు. "ని... నిచ్చె... నిచ్చెన."

"కప్పు, నాన్నా," అంది కైసా.

"కప్పు," అంది హెల్మి కూడా.

కోలెట్ ఇద్దరి వైపూ తిరిగింది. "ఆయన బుర్ర పాడవలేదు. అది కప్పని ఆయనకు తెలుసు. కానీ ఆ మాట ఉండే అర చెదిరిపోయింది, వెతుక్కోవాలి. మీరు అందిస్తుంటే ఆయన వెతకడు. మనసులో పది లెక్కపెట్టండి. తరవాత కూడా ఆగండి. ఇంకో సంగతి. ఇప్పుడు ఆయన దేనికైనా తల ఊపుతారు. అవునన్నా, కాదన్నా ఊపడం ఒకటే. ఆ ఊపును పట్టుకుని ఏదీ నిర్ణయించకండి. మళ్ళీ అడగండి, తిప్పి అడగండి."

హెల్మికి పది లెక్కపెట్టడం చేతకాలేదు. రుటబాగా తరగమంటే బుట్టెడు తరిగేది, ఆ పది మాత్రం ఆరు దగ్గరే ఆగిపోయేది. ఆర్వో "కి... కి..." అంటే "కిటికీ! కిటికీ వెయ్యమంటావా?" అని లేచేది. అతను కళ్ళు మూసుకునేవాడు. అది కిటికీ కాదన్నమాట. ఏమిటో ఎప్పటికీ తెలిసేది కాదు.

"జీవితమంతా మాట్లాడవయ్యా అని వీణ్ణి ప్రాధేయపడ్డాను," అంది కూతురితో, నడవలో. "ఇప్పుడు వీడు మాట్లాడుతుంటే నేను నోరు మూసుకోవాలట. ఇదెక్కడి న్యాయమే?"

"నీ ఒక్కదాని సంగతే కాదమ్మా," అంది కైసా, "నిన్న ఆయన టీవీలో హాకీ పెట్టమంటే నేను దుప్పటి తెచ్చి కప్పాను."

బుధవారం ఓన్ని వచ్చాడు. ఒకటే ఉత్సాహం. కుర్చీ దగ్గరికి లాక్కుని గంటసేపు మాట్లాడాడు. ఆర్వో తల ఊపుతూ ఉన్నాడు. ఓన్ని లేచి వెళ్తూ నడవలో హెల్మితో, "అన్నయ్య ఎంత తేరుకున్నాడు వదినా! అన్నింటికీ సరేనంటున్నాడు. ఎప్పుడూ ఇంత మంచిగా లేడు," అన్నాడు.

"దేనికి సరేనన్నాడు?"

"ఇంటికొచ్చాక చూద్దువుగాని," అని కన్నుగీటి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మళ్ళీ మింగడం పరీక్షించి, కాఫీ తాగొచ్చంది కోలెట్. ఆర్వో మొదటి గుక్క తాగి కప్పులోకి చూసి, "నిచ్చెన," అన్నాడు. తప్పని తనకే తెలిసి తల అడ్డంగా ఊపాడు. హెల్మి ఏడు దాకా లెక్కపెట్టింది. ఎనిమిది. తొమ్మిది. "కా... ఫీ," అన్నాడు ఆర్వో.

హెల్మి నడవలోకి వెళ్ళి ముక్కు చీదుకుని వచ్చింది.

*

శనివారం ఇంటికి వచ్చారు. కోలెట్ వారానికి మూడుసార్లు రమ్మంది. రక్తపోటు మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర రాసిచ్చారు. సౌనా ఇప్పుడే వద్దన్నారు. పెరట్లో పొగగొట్టం చల్లగా ఉంది. శనివారం ఆ గొట్టంలోంచి పొగ రాకపోవడం ఆర్వో కారు దిగుతూనే చూశాడు.

భోజనాల బల్ల దగ్గర ఐదుగురు. పాస్టీలు. హెల్మి ముందే చెప్పేసింది, "క్రెయిగ్, రుటబాగా వేశాను. ఏరుకో," అని. క్రెయిగ్ బుద్ధిగా ఏరుకుంటున్నాడు.

ఆర్వో ఫోర్కు కుడిచేత్తోనే పట్టుకున్నాడు. పాస్టీ ముక్క రెండుసార్లు జారింది. కైసా చెయ్యి చాచి కోసి పెట్టబోయింది. హెల్మి బల్ల కింద కూతురి కాలు తొక్కింది.

"నాన్నకు సాస్ కావాలి," అంది కైసా ఉండబట్టలేక.

"అన్నయ్యకు గ్రేవీ ఇష్టం," అన్నాడు ఓన్ని. "చలేస్తున్నట్టుంది, ఆ తలుపు వేసెయ్ క్రెయిగ్. సరే, ఇక నా కబురు వినండి. సౌనాకు కరెంటు పొయ్యి తెచ్చాను! బండిలో ఉంది. మీట నొక్కితే చాలు. కట్టెలు కొట్టక్కర్లేదు, మొయ్యక్కర్లేదు, పేర్చక్కర్లేదు. పాత పొయ్యి రేపు పీకేస్తాను. ఆసుపత్రిలోనే అన్నయ్యను అడిగాను, సరేనన్నాడు. కదన్నయ్యా?"

ఆర్వో ఫోర్కు కింద పెట్టాడు. తల ఊపలేదు. కదలకుండా కూర్చున్నాడు. ముఖంలో ఏమీ లేదు.

"నాన్నా?" అంది కైసా. జవాబు లేదు. "నాన్నా! అమ్మా, చూడు, పలకట్లేదు. మళ్ళీ వచ్చిందేమో! ఫోనెక్కడ?"

"అలిసిపోయాడంతే," అన్నాడు ఓన్ని. "పడుకోబెడదాం. నేను చెబుతున్నాగా, అన్నయ్యకు సంతోషంగానే..."

"ఆగండి," అంది హెల్మి.

లేచి ఆర్వో ఎదురుగా వంగింది. "చేతులెత్తు." రెండూ లేచాయి, కుడిది కొంచెం తక్కువగా, పొద్దున ఎంతో అంతే. మూతి పొద్దున ఉన్నట్టే ఉంది. అప్పుడు ఆమె అతని కళ్ళు చూసింది. ఆ కళ్ళు తనను చూడటం లేదు. ఎవరినీ చూడటం లేదు. ఓన్ని భుజం పక్కనుంచి, వెనక ఉన్న గిన్నెల బీరువా వైపు చూస్తున్నాయి.

హెల్మి నిదానంగా కుర్చీలో కూర్చుంది.

"ఆర్వో, ఇది జబ్బా?"

పెదవులు కదలలేదు. ఓన్ని ఏదో అనబోతే హెల్మి చెయ్యెత్తింది. ఆ చెయ్యి చూసి గోడ గడియారమైనా ఆగేదే. పాస్టీల మీద ఆవిరి తగ్గింది. క్రెయిగ్ నములుతున్నది కూడా ఆపేశాడు. హెల్మి పది లెక్కపెట్టింది. ఇంకో పది లెక్కపెట్టింది.

"కా... కాదు," అన్నాడు ఆర్వో.

"మరి?"

మెడ నరాలు బిగుసుకున్నాయి. "అ... అలి... అల..." ఆగిపోయాడు. కైసా పెదవుల మీదికి మాట వచ్చేసింది. హెల్మి మళ్ళీ కాలు తొక్కింది. ఆర్వో ఊపిరి తీసుకుని, బీరువాకు చెబుతున్నట్టు అన్నాడు. "అలక."

"ఎవరిమీద?"

కుడిచేతి చూపుడువేలు బల్ల మీదనుంచి బెత్తెడు లేచి, కాస్త ఊగి, ఓన్ని వైపు నిలబడింది.

"నామీదా!" అన్నాడు ఓన్ని. "నేనేం చేశాను? ఊపావుగా అన్నయ్యా! నా కళ్ళతో చూశాను, ఊపావు!"

"క... కట్టె," అన్నాడు ఆర్వో. "కట్టె... లు."

హెల్మి గ్రేవీ గిన్నె పక్కకు జరిపి, రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"ఓన్నీ, ఆ కరెంటు పొయ్యి బండిలోనుంచి దించకు. సోమవారం తిరిగి ఇచ్చెయ్. పాత పొయ్యి జోలికెవరూ వెళ్ళరు. డాక్టరమ్మ సరేనన్నాక మళ్ళీ సౌనా, కట్టెలతోనే. కొట్టేది, మోసేది నువ్వు. పేర్చేది ఆయన. బెరడు పైకి."

"నేనా? నా నడుము..."

"నీ నడుముకు నోరుంది, అదే చెప్పుకుంటుంది. ఇంకోటి. ఇవాళ్టినుంచి ఈ బల్ల దగ్గర ఆయన తరఫున ఎవరూ మాట్లాడరు. సాస్ లేదు, గ్రేవీ లేదు, చలి లేదు. అడిగితే ఆగండి. పాస్టీ చల్లారితే చల్లారనివ్వండి. ఆగలేనివాళ్ళు పెరట్లోకి వెళ్ళి కుక్కతో మాట్లాడుకోండి." ఒక్క క్షణం ఆగి, "నేనూ అంతే," అంది.

ఓన్ని పాస్టీ ముక్క ఒకటి నోట్లో కుక్కుకున్నాడు.

ఆర్వో చెంచా అందుకున్నాడు. కప్పు అంచు మీద ఒకటి కొట్టాడు. రెండోది గురితప్పి బల్లకు తగిలింది. హెల్మి చెయ్యి కాఫీ పాత్ర దాకా వెళ్ళి ఆగింది. అతను చెంచా మళ్ళీ సర్దుకుని, గురి చూసి, ఇంకోటి కొట్టేదాకా ఆగింది.

అప్పుడు పోసింది.